ఈ బొమ్మ మనల్ని ఎక్కడ నిలబెడుతుంది?

నాలుగు దీర్ఘచతురస్రాలు, రెండు ఏటవాలు పట్టీలు, ఒక నల్ల చదరం. బొమ్మ అంతే. గ్యాలరీలో దాని ముందు నిలబడ్డ ఇద్దరిలో ఒకరు "ఇదేదో బిల్డింగులా ఉంది" అంటారు. రెండోవారు "ఇలాంటి బొమ్మలో బిల్డింగేమిటి, అవి ఉత్త ఆకారాలు" అంటారు. ఎవరి మాటా తీసిపారేయాల్సింది కాదు. మొదటివారి కన్ను నిజంగానే అక్కడ ఒక గోడనో మెట్టునో చూసింది. రెండోవారు చెప్పినట్టు చిత్రకారుడు అక్కడ ఏ భవనాన్నీ గీయలేదు. మరి గీయని భవనం కంటికి ఎలా కనబడింది?

ముందు మాటలు సరిచూసుకుందాం. నైరూప్య చిత్రం (మనిషి, చెట్టు, వస్తువు వంటి గుర్తుపట్టగల రూపమేదీ లేని బొమ్మ) రకరకాలుగా ఉంటుంది. రంగు చల్లి, ఒలికించి వేసేది ఒక రకం. గీత, చదరం, త్రిభుజం, వృత్తం వంటి లెక్కకు లొంగే ఆకారాలతో కట్టేది మరో రకం. ఈ రెండోదే జ్యామితీయ నైరూప్య చిత్రకళ. 1910ల మధ్యలో రష్యాలో, నెదర్లాండ్స్‌లో దాదాపు ఒకేసారి ఇది నిలదొక్కుకుంది. ఆ కాలపు చిత్రకారుల్లో కొందరు ఆర్కిటెక్టులతో కలిసి పనిచేశారు. కొందరు స్వయంగా ఆర్కిటెక్చర్ చదివారు. వాళ్ల బొమ్మల్లో కట్టడాల ఛాయలు ఉండటం వింతేమీ కాదు.

అయితే "ఈ చదరం కిటికీ, ఈ పట్టీ గోడ" అని పేర్లు పెట్టుకుంటూ పోతే బొమ్మ పొడుపుకథగా మారుతుంది. విప్పగానే దాని పని అయిపోతుంది. అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. ఈ బొమ్మ నన్ను ఎక్కడ నిలబెడుతోంది? ఎదురుగానా, పైనా, కిందా, లోపలా, బయటా? భవనం మన శరీరానికి హద్దులు పెడుతుంది. ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి, ఎంత మేర చూడాలి అన్నది గోడలే తేలుస్తాయి. ఒక్క ఇటుకైనా గీయకుండా బొమ్మ కూడా ఆ పని చేయగలదు.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకంటే, ఈ తరహా బొమ్మలు మన చుట్టూ బాగా పెరిగాయి. ఆసుపత్రుల లాబీల్లో, ఐటీ ఆఫీసుల్లో, అపార్టుమెంట్ల హాళ్లలో చదరాలూ పట్టీలూ ఉన్న ప్రింట్లు వేలాడుతున్నాయి. సోఫా రంగుకు కుదిరితే చాలు, వాటిని రెండోసారి చూసేవాళ్లు తక్కువ. మరోపక్క, ఇల్లు కొనే ప్రతి కుటుంబమూ ఇప్పుడు ప్లాన్లు, ఎలివేషన్లు, త్రీడీ బొమ్మలు చదవడం నేర్చుకుంది. బ్రోచరు చూసి వంటగది ఎటు వస్తుందో, వెలుతురు ఎక్కడ పడుతుందో చెప్పగలిగినవారి దగ్గర ఈ చిత్రాలు చదవడానికి కావలసిన సరంజామా సగం ఉన్నట్టే.

మిగతా సగం కోసం కన్ను చేసే పనిని కొంచెం గమనించాలి. తెల్ల కాగితం మీద అడ్డంగా ఒక్క గీత గీయండి. కన్ను దాన్ని నేల అంచుగానో, ఆకాశం నేలను తాకే చోటుగానో తీసుకుంటుంది. ఒక ఆకారం మరొకదాన్ని కొంత కప్పితే, కప్పినది ముందు, మరుగునపడినది వెనక. ఏటవాలు గీత లోపలికి పోతున్నట్టుంటుంది. ముదురు రంగు, లేత రంగు పక్కపక్కన పడితే ఒకే దిమ్మకు రెండు ముఖాలు, ఒకదాని మీద వెలుగు, ఒకదాని మీద నీడ. బొమ్మలో కిందిభాగం బరువుగా తోస్తుంది, ఎందుకంటే మనం నేల మీద నిలబడి బతికే మనుషులం. ఇవన్నీ కన్ను మన అనుమతి అడగకుండా చేసే పనులు. జ్యామితీయ చిత్రకారుడు వీటిని ఆపలేడు. కావాలంటే వాడుకోగలడు, లేదా ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొల్పగలడు.

లోతును కాగితం మీద చూపడానికి రెండు పెద్ద దారులున్నాయి. మొదటిది పెర్‌స్పెక్టివ్ (దూరమయ్యేకొద్దీ వస్తువులు చిన్నవై, సమాంతర గీతలు ఒక బిందువులో కలిసేలా గీసే పద్ధతి). రైలు పట్టాలు దూరాన కలిసిపోయినట్టు కనబడటం ఇదే. 15వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్లోరెన్స్‌లో బ్రునెలెస్కి దీన్ని ప్రయోగం చేసి చూపాడు. 1435లో అల్బెర్టి చిత్రకళ మీద రాసిన గ్రంథంలో దీని నియమాలు పెట్టాడు. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటే. గీతలు కలిసే బిందువు చూసేవాడి కంటి ఎత్తును బట్టి వస్తుంది. అంటే చూసేవాడు బొమ్మలో కనబడకపోయినా, అతనికి ఒక స్థానం ముందే కేటాయించి ఉంటుంది. ఒకే కన్ను, ఒకే చోటు. కదిలితే లెక్క తప్పుతుంది.

రెండోది ఆక్సొనోమెట్రీ (సమాంతర గీతలు ఎక్కడా కలవకుండా పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ చూపే పద్ధతి). పాలిటెక్నిక్‌లోనో, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలోనో డ్రాయింగ్ బోర్డు మీద ఐసోమెట్రిక్ వ్యూ గీసినవారికి ఇది కొత్త కాదు. అదీ ఈ కుటుంబంలోదే. 1822లో కేంబ్రిడ్జ్ ఆచార్యుడు విలియం ఫారిష్ ఐసోమెట్రిక్ పద్ధతిని వివరిస్తూ రాశాడు. ఇందులో దూరపు గోడ చిన్నది కాదు. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. అందుకే యంత్రాలు, కోటలు, భవనాలు గీసేవారికి ఇది ఇష్టమైన పద్ధతి. కానీ చూసేవాడికి ఇందులో స్థానమే లేదు. ఎక్కడో అంతులేని దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది బొమ్మ.

దీనికి ఇంకో గుణం కూడా ఉంది. పన్నెండు గీతలతో, వెనక అంచులు కూడా కనిపించే ఘనం ఒకటి గీసి కాసేపు చూడండి. ఒక చదరం ముందున్నట్టు ఉంటుంది. కాసేపటికి అదే వెనక్కి పోతుంది, వెనకది ముందుకు వస్తుంది. పైనుంచి చూస్తున్నామనుకున్న పెట్టెను కిందనుంచి చూస్తుంటాం. స్విట్జర్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త లూయీ ఆల్బర్ట్ నెకర్ 1832లో దీన్ని గమనించి రాశాడు. నేటికీ దాన్ని నెకర్ ఘనం అంటారు. కాగితం మీద ఏ గీతా మారలేదు. మారింది మనం నిలబడిన చోటు.

కలవని గీతలతో చోటును చూపడం మన దేశపు చిత్రాలకు పాత అలవాటే. దక్కనీ, మొఘల్, రాజస్థానీ సూక్ష్మచిత్రాలు చాలావాటిలో అరుగు ఏటవాలుగా పోతుంది గాని దూరాన సన్నబడదు. తివాచీ పైనుంచి చూసినట్టు పూర్తిగా పరచుకుని ఉంటుంది. దాని వెనకే మండపం ఎదురుగా నిలబడి ఉంటుంది. ఒకే బొమ్మలో రెండు మూడు చోట్ల నుంచి చూపు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కనీ చిత్రాల ముందు కాసేపు ఆగితే ఇది తెలుస్తుంది. వాటిని చూసి "అప్పటివాళ్లకు పెర్‌స్పెక్టివ్ రాదు" అనేవాళ్లున్నారు. ఆ మాట అనే ముందు 1920ల యూరప్ చిత్రకారులు ఏరికోరి దేన్ని వదిలిపెట్టారో చూడాలి.

1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో "0,10" అనే ప్రదర్శన జరిగింది. చిత్రకారుడు కజిమీర్ మాలెవిచ్ తన "నల్ల చదరం" మొదట చూపింది అక్కడే. తెల్లని నేపథ్యం మీద నల్లని చదరం, కాన్వాస్ అటూ ఇటూ 80 సెంటీమీటర్లు. దాన్ని అతను గోడ మధ్యలో పెట్టలేదు. రెండు గోడలు కలిసే మూలలో, పైకప్పు దగ్గర తగిలించాడు. రష్యన్ ఆర్థడాక్స్ ఇళ్లలో దేవుడి పటం ఉండే మూల అది. దీన్ని మతానికి విసిరిన సవాలుగా చెప్పడం మామూలు. మన ప్రశ్న వేసి చూస్తే మరొకటి కనబడుతుంది. ఆ చదరం లోపల లోతు ఏమీ లేదు. కానీ అది గది మూలను వాడుకుంది, చూసేవాడి తల పైకెత్తించింది. చోటు బొమ్మలో లేదు, బొమ్మకూ గదికీ మధ్య ఉంది. మాలెవిచ్ తర్వాత 1920లలో ప్లాస్టర్‌తో భవనాల నమూనాల వంటివి చేశాడు. వాటిలో తలుపులుండవు, ఎవరూ కాపురముండరు. దిమ్మల మీద దిమ్మలు, అంతే.

ఈ కథలో అసలు మలుపు మాత్రం అతని దగ్గర చేరిన ఒక ఆర్కిటెక్టు వల్ల వచ్చింది. ఎల్ లిసిట్‌స్కీ 1890లో స్మోలెన్‌స్క్ దగ్గరి పొచినోక్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ కళా అకాడమీ అతన్ని చేర్చుకోలేదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ వెళ్లి ఆర్కిటెక్చర్ చదివాడు. 1914లో యుద్ధం రావడంతో రష్యాకు తిరిగొచ్చాడు. 1919లో చిత్రకారుడు మార్క్ షగాల్ పిలిస్తే వీటెబ్‌స్క్ కళాపాఠశాలలో గ్రాఫిక్స్, ఆర్కిటెక్చర్ చెప్పడానికి వెళ్లాడు. ఆ ఏడాది చివర్లో మాలెవిచ్ కూడా అక్కడికే వచ్చాడు. అప్పుడు మొదలయ్యాయి ప్రోఊన్‌లు. "కొత్తదాన్ని నెలకొల్పే ప్రాజెక్టు" అనే అర్థమొచ్చే రష్యన్ మాటలను కుదించి పెట్టిన పేరది.

అప్పుడు రష్యాలో అంతర్యుద్ధం. కట్టడానికి సామగ్రి లేదు, కట్టించేవాడు లేడు. భవనాలు కట్టే చదువు చదివినవాడికి కాన్వాస్ ఒక్కటే స్థలంగా మిగిలింది. ప్రోఊన్‌ను అతను చిత్రకళ నుంచి ఆర్కిటెక్చర్‌కు బండి మారే స్టేషనుగా చెప్పుకున్నాడు. కొన్నిటికి "నగరం", "వంతెన" అని పేర్లూ పెట్టాడు.

ఒక ప్రోఊన్ ముందు నిలబడితే ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. లేత రంగు నేపథ్యం. దాని మీద పలకలు, దూలాలు, కడ్డీలు, వృత్తపు ముక్కలు. అన్నీ ఆక్సొనోమెట్రీలో గీసినవే. ఒక దిమ్మను తీసుకుంటే కొలత తప్పకుండా, ఇంజనీరు గీసినట్టు ఉంటుంది. కన్ను వెంటనే దాని పక్కన నిలబడుతుంది. "నేను పైనుంచి చూస్తున్నాను" అనుకుంటుంది. పక్క దిమ్మకు వెళ్లగానే ఆ లెక్క చెడుతుంది. అది కిందనుంచి చూస్తే కనిపించేలా ఉంది. మూడోది వేరే దిక్కుకు తిరిగి ఉంది. ఒక పలక రెండు దిమ్మల మీదా ఆనినట్టు కనిపిస్తుంది గాని, ఆ రెండూ ఒకే నేల మీద లేవు. అసలు నేలే లేదు. నీడలు లేవు, దిగంతం లేదు. విడివిడిగా చూస్తే ప్రతి ముక్కా కట్టదగినదే. మొత్తంగా మాత్రం కట్టలేం. ఒక్కో ముక్క మనల్ని ఒక్కో చోట నిలబెట్టి, మరుక్షణం అక్కడినుంచి లేపేస్తుంది.

ఇది పొరపాటున జరిగింది కాదు. బొమ్మకు స్థిరమైన ఒక పైభాగం, ఒక కిందిభాగం ఉండాలన్న నియమాన్ని లిసిట్‌స్కీ కావాలనే తీసేశాడు. ప్రోఊన్ చుట్టూ తిరగాలి, పైనుంచీ కిందనుంచీ చూడాలి అన్నది అతని ఉద్దేశం. కెనడా జాతీయ గ్యాలరీలో ఉన్న ఒక ప్రోఊన్ పేరే "ఎనిమిది స్థానాలు". చదరపు కాన్వాస్‌ను ఎనిమిది రకాలుగా తిప్పి తగిలించవచ్చు. 1925లో రాసిన ఒక వ్యాసంలో అతను చిత్రకళలో చోటును చూపే పద్ధతులను వరుసగా పరిశీలించాడు. పెర్‌స్పెక్టివ్ ప్రపంచాన్ని ఒక పెట్టెలో బిగించిందని అతని అభ్యంతరం.

మరి చుట్టూ తిరగాలంటే కాన్వాస్ చాలదు. 1923లో బెర్లిన్‌లో జరిగిన పెద్ద కళాప్రదర్శనలో అతనికి ఒక చిన్న గది ఇచ్చారు. అందులో గోడల మీద బొమ్మలు తగిలించడం మానేసి, గోడలనే బొమ్మ చేశాడు. చెక్క పలకలు, కడ్డీలు గోడ మీద నుంచి బయటికి పొడుచుకొచ్చి, మూల తిరిగి, పక్క గోడ మీదికి సాగుతాయి. పైకప్పును కూడా కలుపుకున్నాడు. తలుపులోంచి లోపలికి వచ్చినవాడు ఆ గీతల వెంట నడుస్తూ మళ్లీ తలుపు దగ్గరికి చేరతాడు. దాని పునర్నిర్మాణం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, వాన్ ఆబే మ్యూజియంలో ఉంది.

ఇంకా ముందుకు వెళ్లింది హానోవర్ గది. 1920ల చివర్లో అక్కడి మ్యూజియం అధిపతి అలెగ్జాండర్ డోర్నర్ నైరూప్య చిత్రాలు పెట్టడానికి ఒక గది చేసిమ్మని లిసిట్‌స్కీని అడిగాడు. అతను గోడల నిండా సన్నని నిలువు పట్టీలు బిగించాడు. పట్టీకి ఒక పక్క తెలుపు, రెండో పక్క నలుపు, వెనక గోడ బూడిద రంగు. ఎదురుగా నిలబడితే గోడ బూడిద రంగులో ఉంటుంది. ఒక వైపు నుంచి వస్తే తెల్లగా, మరో వైపు నుంచి వస్తే నల్లగా మారుతుంది. కొన్ని చిత్రాలను జరిపే పలకల వెనక పెట్టాడు. చూసేవాడే చేత్తో పలక జరిపి ఏది చూడాలో ఎంచుకోవాలి. ప్రోఊన్ కాన్వాస్ మీద కంటి చేత చేయించిన పనిని ఈ గది కాళ్ల చేత, చేతుల చేత చేయించింది. అందుకే నా లెక్కలో ప్రోఊన్‌లకు ఉన్న వ్యాఖ్యానాలన్నిటిలోకి మంచిది ఈ గదే. 1930లలో నాజీల కాలంలో దాన్ని తీసేశారు. యుద్ధం తర్వాత హానోవర్‌లోనే మళ్లీ కట్టారు.

నెదర్లాండ్స్ వైపు కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1917లో మొదలైన "డి స్టైల్" పత్రిక చుట్టూ చేరినవాళ్లలో చిత్రకారులూ ఆర్కిటెక్టులూ ఉన్నారు. థియో వాన్ డూస్‌బర్గ్ 1923లో ఆర్కిటెక్టు కోర్నెలిస్ వాన్ ఈస్టెరెన్‌తో కలిసి పారిస్‌లో ఇళ్ల నమూనాలు, ఆక్సొనోమెట్రీ గీతలు ప్రదర్శించాడు. వాటిలో గోడలు పెట్టెలా మూసుకోవు. రంగు పలకలు గాలిలో తేలుతూ ఒకదాన్నొకటి దాటిపోతాయి. మరుసటి ఏడాది, 1924లో, ఖెరిట్ రీట్‌వెల్ట్ ఉట్రెక్ట్‌లో కట్టిన ష్రోడర్ ఇల్లు ఆ ఊహకు చాలా దగ్గరగా ఉంటుంది. పై అంతస్తులో గోడలు జరుపుకుంటే అది ఒకే హాలు, మూసుకుంటే గదులు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

డి స్టైల్ చిత్రకారుల్లోనే మోండ్రియన్ సంగతి వేరు, కొంచెం ఆగి చూడాలి. నల్ల గీతలు, ఎరుపు, నీలం, పసుపు చదరాలతో అతని బొమ్మలు ఇప్పుడు చీరల మీదికీ చెప్పుల మీదికీ కూడా వచ్చేశాయి. వాటిని చూసి "నగర పటం" అనేయడం తేలిక. కానీ అతను లోతును వీలైనంత తుడిచేయాలని చూసినవాడు. ఏటవాలు గీతను దగ్గరికి రానివ్వలేదు. పలక మీద పలక ఎక్కకుండా చూసుకున్నాడు. అంటే పైన చెప్పుకున్న లోతు సూచనలన్నిటినీ ఒక్కొక్కటిగా తీసేశాడు. అయినా కట్టడంతో అతనికి చుట్టరికం ఉంది. 1914 నాటి ఒక అండాకారపు చిత్రానికి మూలం పారిస్ భవనాల గోడలు గీసుకున్న స్కెచ్‌లు. అందులో "కుబ్" అనే అక్షరాలు కనిపిస్తాయి. గోడ మీద ఉన్న సూప్ క్యూబుల ప్రకటనలోవి అవి. ఆ తర్వాత అక్షరాలు పోయాయి, భవనాలు పోయాయి, అడ్డగీత నిలువుగీత మిగిలాయి. అతని బొమ్మ మనల్ని లోపలికి పిలవదు. గీతలు కాన్వాస్ అంచు దాకా పోయి, అక్కడినుంచి గది గోడ మీదికి సాగుతాయేమో అనిపిస్తాయి. పారిస్ స్టూడియోలో అతను గోడల మీద రంగు అట్టముక్కలు అమర్చి పెట్టుకునేవాడు. బొమ్మ ముందు మనం నిలబడిన గదే బొమ్మకు కొనసాగింపు.

జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర ప్రశ్న ఇంకా సూక్ష్మమవుతుంది. జర్మనీలో బౌహౌస్ పాఠశాలలో బోధించిన ఆల్బర్స్, నాజీల ఒత్తిడితో 1933లో అది మూతపడ్డాక భార్య, నేతకళాకారిణి ఆనీతో అమెరికాకు వెళ్లాడు. 1935 నుంచి వాళ్లు మళ్లీ మళ్లీ మెక్సికో వెళ్లారు. మోంతే అల్బాన్, మిట్లా, టెయోటివాకాన్ వంటి పురాతన కట్టడాలను ఆల్బర్స్ విస్తారంగా ఫోటోలు తీశాడు. మెట్లు, మెట్ల నీడలు, రాతి గోడల మీది జ్యామితి. 1940ల రెండో సగంలో అతను "వేరియంట్" లేదా "అడోబీ" అనే వరుస మొదలుపెట్టాడు. అడోబీ అంటే ఎండబెట్టిన మట్టి ఇటుక, దానితో కట్టిన ఇల్లు. ప్రతి బొమ్మలోనూ దీర్ఘచతురస్రాల అమరిక దాదాపు ఒకటే. మధ్యలో పక్కపక్కన రెండు నిలువు దీర్ఘచతురస్రాలు, రెండు తలుపుల్లా. మారేది రంగు. ఒక బొమ్మలో ఆ రెండూ చీకటి గదిలోకి తెరుచుకున్న ద్వారాలు. మరో బొమ్మలో దీపం వెలుగు పడ్డ గోడలు. గీత కదల్లేదు, గోడ మాత్రం ముందుకూ వెనక్కూ జరిగింది.

1950లో మొదలై 1976లో చనిపోయేదాకా సాగిన "చదరానికి వందనం" వరుస ఇంకా పొదుపైనది. ఇందులో వెయ్యికి పైగా చిత్రాలు. చదరంలో చదరం, అందులో చదరం. మూడో నాలుగో, అంతే. ఇవి సరిగ్గా మధ్యలో ఉండవు. ఒక చదరానికీ దాని లోపలి చదరానికీ మధ్య ఎడం కింద ఒక పాలైతే, పక్కల రెండు పాళ్లు, పైన మూడు పాళ్లు. అందుకే లోపలి చదరాలు కిందికి దిగి కూర్చున్నట్టుంటాయి. స్కేలుతో మూలల్ని కలిపి గీతలు పొడిగిస్తే, అవన్నీ బొమ్మ కింది అంచు నుంచి నాలుగోవంతు ఎత్తులో ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అంటే ఇందులో ఒక పెర్‌స్పెక్టివ్ దాగి ఉంది. పొడవాటి నడవా ఒకటి, నేల దగ్గర కూర్చుని లోపలికి చూస్తున్నట్టు. లోపలి చదరం ముదురుగా ఉంటే ఈ నడవా బాగా కుదురుతుంది. అదే లోపలి చదరం ప్రకాశంగా ఉంటే నడవా తిరగబడి, మెట్లమెట్లుగా పైకి లేచిన దిబ్బను పైనుంచి చూస్తున్నట్టు అవుతుంది. మెక్సికోలో ఎక్కిన పిరమిడ్లు దీని వెనక ఉన్నాయన్నది నా అన్వయం. ఆల్బర్స్ మాత్రం రంగుల పరస్పర ప్రభావం గురించే ఎక్కువ మాట్లాడాడు. బోర్డు వెనక ఏ కంపెనీ ఏ రంగు వాడాడో జాబితా రాసి పెట్టేవాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రతి చదరంలోనూ గదిని వెతకడం మొదలుపెడితే ఎక్కడైనా దొరుకుతుంది. ఏ అన్వయం నిలుస్తుంది, ఏది నిలవదు అనేదానికి నేను రెండు ఆధారాలు అడుగుతాను. ఒకటి బొమ్మ బయటిది. చిత్రకారుడు కట్టడాలతో పనిచేశాడా, వాటిని గీశాడా, ఫోటో తీశాడా, వాటి గురించి రాశాడా? రెండోది బొమ్మ లోపలిది. అంచు దగ్గర గీత ఆగిందా, దాటిపోయిందా? కింది భాగానికి బరువు ఉందా? తలకిందులుగా తిప్పితే ఏమైనా చెడుతుందా? ఆల్బర్స్ చదరాన్ని తిప్పి పెడితే నడవా నేల పైకప్పు అయిపోతుంది. "ఎనిమిది స్థానాల" ప్రోఊన్‌ను తిప్పినా చెడేదేమీ లేదు. బయటి ఆధారం ఒక్కటే చాలదు. ఆర్కిటెక్చర్ చదివినవాడు వేసిన ప్రతి గీతా గోడ కానక్కరలేదు.

నస్రీన్ మొహమ్మదీ బొమ్మలు ఈ పరీక్షకు తేలిగ్గా లొంగవు. 1937లో కరాచీలో పుట్టిన ఆమె, 1950లలో లండన్‌లో చిత్రకళ చదివారు. 1972 నుంచి 1990లో చనిపోయేదాకా బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో బోధించారు. ప్రసిద్ధమైన పనులు కాన్వాస్ మీద కావు, కాగితం మీద పెన్సిల్, ఇంకు. డ్రాఫ్ట్స్‌మన్ వాడే పరికరాలతో వెంట్రుకంత సన్నని గీతలు, వందలుగా. చాలావాటికి పేరు లేదు, తేదీ లేదు. కాబట్టి "నగరం", "వంతెన" వంటి ఊతం ఏదీ దొరకదు. బయటి ఆధారం ఉంది. ఫతేపూర్ సిక్రీ వంటి చోట్ల రాతి పరుపులు, మెట్లు, నీటి కాలువల అంచులు ఆమె ఫోటోలు తీశారు. జీవించి ఉండగా వాటిని ప్రదర్శనకు పెట్టలేదు. ఆ ఫోటోల్లో భవనం గుర్తుపట్టేలా ఉండదు. ఆకాశం కోసేసి, అంచునూ నీడనూ మాత్రం ఉంచారు. ఇక గీతల్లో చూస్తే, తొలి దశలో అల్లిక మాదిరి అడ్డగీతలు. తర్వాతి దశలో తెల్ల కాగితం మధ్యలో కొన్ని ఏటవాలు గీతలు, దేనికీ ఆనకుండా. గీత ఒక చోట దట్టమై, మరో చోట పలచబడి, లోతు ఉందేమో అనిపిస్తుంది. కానీ ఆ లోతుకు గోడల్లేవు. లిసిట్‌స్కీ మనల్ని పది చోట్ల నిలబెడితే ఈమె ఒక్కచోటా నిలబెట్టరు. దగ్గరికి వెళ్లి ముక్కు ఆనేంతగా చూస్తే గీతలు, రెండడుగులు వెనక్కి వస్తే వాలు. ఈ దగ్గరా దూరాల మధ్య తిరగడమే ఆ బొమ్మ అడిగే పని.

ఫోన్‌లో ఆ పని కుదరదు. ఇది చాదస్తం కాదు, కొలతల విషయం. నస్రీన్ గీతలు స్క్రీన్ మీద కలిసిపోయి బూడిద మరక అవుతాయి. తల ఎత్తి చూడాల్సిన మాలెవిచ్ చదరం అరచేతిలోకి దిగుతుంది. హానోవర్ గోడ రంగు మారాలంటే నడవాలి. ఈ చిత్రాలు చూసేవాడి శరీరాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవి. అసలు చూసే వీలు లేనప్పుడు కనీసం బొమ్మ కింద రాసిన కొలతలు చదివి, అంత మేర గోడ మీద టేపుతో కొలిచి చూసుకుంటే కొంత నయం.

చివరగా, చదరాన్ని ఇందాకటి వాళ్లందరికీ ఎదురు తిప్పిన చిత్రకారుడు ఒకరున్నారు. పీటర్ హాలీ, 1953లో న్యూయార్క్‌లో పుట్టారు. 1980ల మొదట్లో ఆయన చదరానికి అడ్డకమ్మీలు, నిలువుకమ్మీలు వేసి "జైలు" అన్నారు. కమ్మీలు లేని చదరం "గది". వాటిలోంచి బయటికి పోయే పట్టీలు గొట్టాలు. కరెంటు, ఫోను, నీళ్లు వచ్చే దారులు. చాలా బొమ్మలు భవనపు సెక్షన్ (కట్టడాన్ని నిలువునా కోసినట్టు చూపే గీత) లాగా ఉంటాయి. కింద మరో కాన్వాస్ చేర్చి భూగర్భాన్ని చూపుతారు. రంగులు కళ్లు చెదిరే ఫ్లోరసెంట్ రంగులు. గదుల మీద ఇళ్ల పైకప్పులకు కొట్టే గరుకు పూత. మాలెవిచ్‌కు చదరం పాత ప్రపంచం నుంచి విడుదల. జైళ్లు, బళ్లు, ఆసుపత్రులు మనుషులను గదులుగా విడదీసి ఎలా అదుపులో పెడతాయో రాసిన మిషెల్ ఫూకోను చదివిన హాలీకి అదే చదరం నిర్బంధం. ఆయన వాదన ప్రకారం జ్యామితి తటస్థమైనది కాదు. మన ఆఫీసులు, అపార్టుమెంట్లు, హైవేలు అన్నీ దానితోనే కట్టారు, మనం దాని లోపలే ఉన్నాం. అందుకే ఆయన బొమ్మల్లో గదులకు తలుపులుండవు. లోపలికి వెళ్లాల్సిన అవసరం లేదు కాబట్టి.

2005లో డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం డి టెర్మినల్ కోసం హాలీ చేత పెద్ద చిత్రం ఒకటి వేయించారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగువాళ్లు దిగే విమానాశ్రయాల్లో అదొకటి. గేటు ముందు వరస కుర్చీల్లో కూర్చుని, ఫోను ఛార్జరును గోడ ప్లగ్గులో పెట్టి, తర్వాతి విమానం పిలుపు కోసం చూసేవారికి ఆ గదులూ గొట్టాలూ దేని గురించో వేరే చెప్పనక్కరలేదు.